సమ్మర్‌లో జీఏ పని: ఒప్పుకునే ముందు జీతం, గంటలు, తేదీలు ఎలా తేల్చుకోవాలి

అమెరికా యూనివర్సిటీల్లో చదివే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఒకటే ప్రశ్న: "సమ్మర్‌కి ఫండింగ్ దొరికిందా?" ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబర్), స్ప్రింగ్ (జనవరి నుంచి మే) సెమిస్టర్లకు టీఏనో (టీచింగ్ అసిస్టెంట్) ఆర్‌ఏనో (రిసెర్చ్ అసిస్టెంట్) జీఏనో (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్) పని ఉంటుంది, నెల నెలా డబ్బు పడుతుంది, ట్యూషన్ (చదువు చెప్పినందుకు కట్టే సొమ్ము) కూడా మాఫీ అవుతుంది. ఇబ్బందంతా మే మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా ఉండే ఆ మూడు నెలలతోనే.

నా మొదటి సమ్మర్ సంగతి చెబుతాను. ల్యాబ్ మీటింగ్ అయ్యాక కారిడార్‌లో నడుస్తూ మా అడ్వైజర్ "సమ్మర్‌లో కూడా కంటిన్యూ అవుతావు కదా" అన్నారు. సరేనన్నాను. జీతం కూడా కంటిన్యూ అవుతుందనే అనుకున్నాను. మే 16 నుంచి రోజూ ల్యాబ్‌కి వెళ్లి డేటా సరిచేస్తూ కూర్చున్నాను. జూన్ ఆఖర్లో పేరోల్ పోర్టల్ తెరిస్తే సున్నా. డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్తే, నా పేరు మీద సమ్మర్ అపాయింట్‌మెంటే లేదన్నారు. ఆయన నన్ను మోసం చేయలేదు. గ్రాంట్ (ప్రాజెక్టుకి వచ్చే నిధి) రెన్యువల్ వస్తుందని నమ్మారు, అది రాలేదు. ఆరున్నర వారాల పనికి డబ్బు రాలేదు, ఆ రెండు నెలల అద్దె నా రూమ్మేట్ కట్టాడు. నాకు జరిగింది మీకు జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆఫర్ లెటర్ తీసి తేదీలు చూడండి

మీ అసిస్టెంట్‌షిప్ లెటర్‌లో చాలామంది మొదట చూసేది డాలర్ల అంకె. మీరు మాత్రం ముందు రెండు తేదీలు వెతకండి: ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు. ఎక్కువ చోట్ల అది తొమ్మిది నెలల అపాయింట్‌మెంట్. ఆగస్టు 16న మొదలై మే 15న ముగుస్తుందని అనుకుందాం. మే 16న మీరు ఆ యూనివర్సిటీలో స్టూడెంటే కానీ ఉద్యోగి కాదు. ఆ రోజు నుంచి మీరు చేసే పనికి వేరే కాగితం ఉండాలి.

తేదీల పక్కనే ఒక శాతం ఉంటుంది. 50 శాతం అంటే వారానికి 20 గంటలు, 25 శాతం అంటే 10 గంటలు. ఇప్పుడు లెక్క వేద్దాం. నెలకు 2,000 డాలర్ల స్టైపెండ్ అయితే తొమ్మిది నెలలకు 18,000. ఆగస్టు 16 నుంచి మే 15 దాకా సరిగ్గా 39 వారాలు. వారానికి 20 గంటల చొప్పున 780 గంటలు. 18,000ని 780తో భాగిస్తే గంటకు 23 డాలర్ల పైచిలుకు. ఈ అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, సమ్మర్ పని బేరం చేసేటప్పుడు మీ కొలబద్ద ఇదే.

ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. ఆ 18,000తో బతకాల్సింది పన్నెండు నెలలు. అంటే నెలకు 1,500. పైగా నెలకోసారి జీతమిచ్చే యూనివర్సిటీల్లో మే నెల చివరి పేచెక్ తర్వాత ఫాల్ జీతం పూర్తిగా చేతికందేది సెప్టెంబర్ ఆఖరుకి. ఆగస్టులో పనిచేసిన ఆ సగం నెల డబ్బు ఎప్పుడు వేస్తారో పేరోల్ క్యాలెండర్‌లో చూసుకోండి. మన వాళ్లు మూడు నెలల ఖర్చుకి సిద్ధపడతారు, నాలుగో నెల అద్దె దగ్గర ఇరుక్కుంటారు.

సమ్మర్‌లో దొరికే పని ఏ రకమో తెలుసుకోండి

బయటికి అన్నీ "సమ్మర్ జాబ్"లే కానీ లోపల మూడు రకాలు. షరతులు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి.

ఆర్‌ఏ అయితే డబ్బు ప్రొఫెసర్ గ్రాంట్ నుంచి వస్తుంది. గ్రాంట్‌లో మిగిలి ఉంటేనే మీకు అపాయింట్‌మెంట్. అందుకే ప్రొఫెసర్ మంచితనం మీద కాక గ్రాంట్ ముగిసే తేదీ మీద మీ దృష్టి ఉండాలి. ఆ తేదీ జూన్ 30 అయితే జూలై జీతానికి హామీ లేదు.

టీఏ అయితే సమ్మర్ కోర్సు నడిస్తేనే పని. సమ్మర్ కోర్సుకి ఇంతని ఒకే మొత్తం ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది రెండు విషయాల్లో. ఒకటి, విద్యార్థులు చాలినంత మంది చేరకపోతే కోర్సు రద్దవుతుంది, దాంతో మీ పని కూడా పోతుంది. రద్దు నిర్ణయం ఏ తేదీకి తీసుకుంటారో ముందే అడగండి. రెండోది, పదిహేను వారాల పాఠాన్ని ఆరు వారాల్లో కుదిస్తారు కాబట్టి దిద్దాల్సిన పేపర్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. మొత్తం డబ్బుని నిజంగా పట్టే గంటలతో భాగించి చూడండి.

మూడోది అవర్లీ. టైమ్‌షీట్ నింపాలి, చేసిన గంటలకే డబ్బు. దీనికి కనీస వేతన చట్టం వర్తిస్తుంది. ఫెడరల్ రేటు 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సస్‌లో అదే అమల్లో ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2025లో 16.66. ట్యూషన్ ఖర్చు గ్రాంట్ మీద పడకూడదని సమ్మర్‌లో ఆర్‌ఏ బదులు అవర్లీ ఇచ్చే ప్రొఫెసర్లు ఉన్నారు. అందులో తప్పేమీ లేదు, కానీ మీకు ఏది లాభమో మీరే చూసుకోవాలి.

ఒక ఉదాహరణ. సమ్మర్ ఆర్‌ఏ 50 శాతం, నెలకు 2,000 చొప్పున రెండున్నర నెలలు: 5,000. అవర్లీలో గంటకు 15 డాలర్లు, వారానికి 40 గంటలు, పది వారాలు: 6,000. పైకి రెండోదే ఎక్కువ. కానీ గంటకు పడేది చూస్తే మొదటిది 23, రెండోది 15. ఆర్‌ఏతో ట్యూషన్ వేవర్ (మాఫీ) వచ్చి, మీరు సమ్మర్‌లో ఒక కోర్సు తీసుకుంటే మొదటిదే ఎంతో మేలు. కోర్సు అక్కర్లేదు, డబ్బే ముఖ్యం అనుకుంటే రెండోది. స్ప్రింగ్‌లో వేవర్ ఉన్నవాళ్లకి సమ్మర్ ట్యూషన్ కూడా తనంతట తానే మాఫీ అయ్యే యూనివర్సిటీలు ఉన్నాయి. మీది అలాంటిదైతే ఈ లెక్కే మారిపోతుంది. వేవర్ ఉన్నా ఫీజులు మీరే కట్టాల్సి రావచ్చు, ట్యూషన్ వేరు ఫీజులు వేరు.

అడగండి, మార్చి లోపే అడగండి

మన దగ్గర గురువుని డబ్బు గురించి అడగడమంటే నోరు పెగలదు. సార్ ఏమనుకుంటారో, ఫాల్‌లో ఫండింగ్ తీసేస్తారేమో అని మొహమాటం. ఇక్కడ ప్రొఫెసర్లకి ఇది రోజూ ఉండే పనే. గ్రాంట్ బడ్జెట్‌లో విద్యార్థి జీతానికి ఒక లైను ఉంటుంది, ఆ లైనులో మీరు ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, వీళ్లకైతే ఇరవై మంది విద్యార్థుల్లో మీ సమ్మర్ అసలు గుర్తుండకపోవచ్చు.

ఫిబ్రవరిలో ఒకసారి నోటితో అడగండి, మార్చి ముగిసేలోగా ఈమెయిల్ పెట్టండి. మెయిల్ చిన్నదిగా ఉండాలి. "మే 16 నుంచి ఆగస్టు 15 దాకా ప్రాజెక్టులో పనిచేయాలనుకుంటున్నాను. దీనికి అపాయింట్‌మెంట్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటుంది, ఎంత శాతం, నెలకు ఎంత, ట్యూషన్ వేవర్ ఉంటుందా? డబ్బు లేకపోతే చెప్పండి, నేను వేరే పని వెతుక్కోవడానికి సమయం ఉంటుంది." ఆ చివరి వాక్యం తీసేయకండి. "లేదు" అని చెప్పే దారి మీరే చూపిస్తే ప్రొఫెసర్ సూటిగా చెబుతారు. మార్చిలో వచ్చిన "లేదు" మీకు జూన్‌లో వచ్చే "చూద్దాం" కన్నా పదిరెట్లు మేలు.

అడ్వైజర్ దగ్గర లేకపోతే అక్కడితో ఆగిపోకండి. సమ్మర్‌లో హాస్టళ్లలో కాన్ఫరెన్సులు నడుస్తాయి, కొత్త విద్యార్థుల ఓరియెంటేషన్ ఉంటుంది, ఐటీ వాళ్లు ల్యాబుల్లో కంప్యూటర్లు మారుస్తారు, లైబ్రరీలో పాత పుస్తకాలు స్కాన్ చేస్తారు. ఇవన్నీ మే నెలలో కాదు, మార్చి ఏప్రిల్‌లోనే భర్తీ అయిపోతాయి.

కాగితం చేతికి వచ్చాకే పని

నోటి మాట మీద పని మొదలుపెట్టకండి. లెటర్‌లో ఉండాల్సినవి: మొదలు, ముగింపు తేదీలు, శాతం లేదా వారానికి గంటలు, జీతం, ట్యూషన్ సంగతి, ఎవరికి రిపోర్ట్ చేయాలి, హెల్త్ ఇన్సూరెన్స్. ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు. కొన్ని ప్లాన్లు ఆగస్టు నుంచి ఆగస్టు దాకా ఏడాదంతా ఉంటాయి, కొన్ని సెమిస్టర్‌తో ఆగిపోతాయి. జూలైలో పన్ను నొప్పో కాలు విరగడమో జరిగాక తెలిస్తే ఏమీ చేయలేరు.

సమ్మర్‌లో వేరే డిపార్ట్‌మెంట్‌లో చేరుతుంటే అది కొత్త నియామకమే. హెచ్‌ఆర్ కాగితాలు నడవడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. యూనివర్సిటీలో ఇదే మీ మొదటి ఉద్యోగమైతే, పని మొదలైన మూడు పని దినాల్లో ఐ-9 ఫారం (మీకు పనిచేసే హక్కు ఉందని చూపే కాగితం) పూర్తి కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే, ఆఫర్ లెటరూ డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) ఇచ్చే లెటరూ తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లాలి.

ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే చెప్పండి. "ఇంటికెళ్లి అక్కణ్నుంచి లాగిన్ అవుతాను" అని మనం తేలిగ్గా అనుకుంటాం. విదేశం నుంచి పనిచేస్తే జీతం ఇవ్వడానికి యూనివర్సిటీ ఒప్పుకోకపోవచ్చు. టికెట్ కొనే ముందు అడ్వైజర్‌ని, హెచ్‌ఆర్‌ని ఇద్దరినీ అడిగి, వాళ్ల జవాబు మెయిల్‌లో ఉంచుకోండి.

వీసా గంటలు

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి సెమిస్టర్ నడుస్తున్నంత కాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలే. రెండు పనులుంటే రెండూ కలిపి 20. ఈ వారం 15 చేశాను కదా, వచ్చే వారం 25 చేస్తానంటే కుదరదు, సగటు లెక్క లేదు. అధికారికంగా సెలవులున్నప్పుడు, తర్వాతి సెమిస్టర్‌లో చేరే ఉద్దేశం ఉంటే, క్యాంపస్‌లో ఫుల్ టైమ్ చేయొచ్చు. సమ్మర్ మామూలుగా ఈ సెలవుల కిందికే వస్తుంది.

కానీ మినహాయింపులు ఉన్నాయి, మన వాళ్లు బోల్తా పడేది వీటి దగ్గరే. మీ మొదటి సెమిస్టర్ సమ్మర్‌లోనే మొదలైతే అది మీకు సెలవు కాదు. సమ్మర్‌లోనే డిగ్రీ పూర్తి చేస్తున్నా అది మీకు తప్పనిసరి టర్మ్, 20 గంటల పరిమితి అలాగే ఉంటుంది. మే నెలలోనే డిగ్రీ అయిపోతే ఐ-20లోని (వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ముగింపు తేదీ తర్వాత క్యాంపస్‌లో కూడా పని చేయకూడదు, ఓపీటీ (డిగ్రీ తర్వాత పనిచేసే అనుమతి) మొదలైతే తప్ప. "ఇంకో రెండు వారాలు ఉండి ఈ ఎక్స్‌పెరిమెంట్ ముగించు" అని అడ్వైజర్ అడిగితే కాదనడం కష్టమే, అయినా కాదనాల్సిందే. ఫాల్‌కి వేరే యూనివర్సిటీకి మారుతుంటే సెవిస్ రికార్డు (ప్రభుత్వ డేటాబేస్‌లో మీ విద్యార్థి వీసా వివరాలు) ఏ రోజు బదిలీ అవుతుందో ఆ రోజు నుంచి పాత క్యాంపస్‌లో పనిచేసే హక్కు పోతుంది. పాత చోట సమ్మర్ పని ఉంటే ఆ బదిలీ తేదీని దానికి తగ్గట్టు పెట్టమని డీఎస్‌ఓని అడగండి.

సెమిస్టర్ ఏ రోజు ముగుస్తుందో, ఫాల్ ఏ రోజు మొదలవుతుందో డీఎస్‌ఓ చెప్పిన తేదీయే లెక్క. ఫాల్ క్లాసులు మొదలైన వారంలో పాత అలవాటు కొద్దీ 40 గంటలు వేసేసిన వాళ్లను చూశాను.

ఇంటర్న్‌షిప్ దొరికితే అది క్యాంపస్ బయట పని, సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) కావాలి. ఐ-20 మీద సీపీటీ పడ్డాకే మొదటి రోజు. ఫుల్ టైమ్ సీపీటీ 12 నెలలు వాడితే ఆ డిగ్రీ స్థాయికి ఓపీటీ పోతుంది, ఒక సమ్మర్ అయితే భయం లేదు.

గ్యాస్ స్టేషన్, రెస్టారెంట్, "క్యాష్ ఇస్తాం అన్నా" అనే పనుల గురించి ఒకే మాట: అనుమతి లేని పని చేస్తే స్టేటస్ పోతుంది, తిరిగి తెచ్చుకునే దరఖాస్తుకే అర్హత పోతుంది. మూడు నెలల అద్దె కోసం రెండేళ్ల చదువుని, ఇంటి మీద తెచ్చిన లోన్‌ని పణంగా పెట్టకండి. ఆ అద్దె డబ్బు ఇంటి నుంచి అడగడానికి మొహమాటపడుతున్నారేమో, అడగండి.

"వాలంటీర్‌గా చేయి, ఫాల్‌లో చూద్దాం"

ఈ మాట ఎంఎస్ విద్యార్థులు ఎక్కువగా వింటారు. ప్రొఫెసర్‌కి చేతులు కావాలి, మీకు ఫాల్ ఆర్‌ఏ కావాలి. థీసిస్ కోసం మీ సొంత పరిశోధన మీరు చేసుకోవడం వేరు, అది చదువే. ఎవరికో జీతమిచ్చి చేయించే పనిని మీతో ఊరికే చేయించడం వేరు. రెండోది లేబర్ చట్టం ప్రకారమూ వీసా ప్రకారమూ చిక్కే, జీతం లేదు కాబట్టి ఉద్యోగం కాదనే వాదన నిలవకపోవచ్చు. ఒప్పుకునే ముందు డీఎస్‌ఓని కలవండి.

రిసెర్చ్ అనుభవం కోసమే చేస్తానంటే ఇండిపెండెంట్ స్టడీ క్రెడిట్‌గా రిజిస్టర్ అయ్యే దారి ఉందా అని అడగండి. ట్రాన్స్‌క్రిప్ట్ మీద గ్రేడ్ అయినా పడుతుంది. లేదంటే వారానికి పది గంటలు అవర్లీ ఇవ్వమనండి. పది గంటలకు కూడా డబ్బు లేని ల్యాబ్‌లో ఫాల్‌కి 20 గంటల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఒకసారి ఆలోచించండి.

డిసెంబర్ సెలవులు

ఇది సమ్మరంత పెద్ద సంగతి కాదు. అపాయింట్‌మెంట్ ఆగస్టు నుంచి మే దాకా ఒకటే అయితే సెలవుల్లోనూ జీతం పడుతుంది, కాబట్టి పని కూడా అడగొచ్చు. ఎన్ని రోజులు సెలవు తీసుకోవచ్చో లెటర్‌లో లేకపోతే అడగండి. సెమిస్టర్‌కొక లెటర్ ఇచ్చే చోట డిసెంబర్‌లో ఫాల్ లెటర్ ముగిసి జనవరిలో స్ప్రింగ్‌ది మొదలవుతుంది. ఆ మధ్యలో ఫైనల్ పేపర్లు దిద్దడం, కొత్త కోర్సు పేజీ తయారు చేయడం లాంటివి మీ నెత్తిన పడితే ఏ తేదీల కింద లెక్క వేస్తారని మర్యాదగా అడగండి. టికెట్ మాత్రం గ్రేడ్లు ఇవ్వాల్సిన గడువు చూసి కొనండి.

పన్నుల్లో చేజారే డబ్బు

ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ కింద ఉంటాం, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్ను కట్టక్కర్లేదు. రెండూ కలిపి 7.65 శాతం. సమ్మర్‌లో కొత్త డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు పొరపాటున ఇది కోసేస్తుంటారు. 5,000 డాలర్ల మీద అది 382 డాలర్లు. మొదటి పేచెక్‌లోనే చూసుకుని పేరోల్‌కి చెప్పండి, సరిచేస్తారు. వాళ్లు చేయకపోతే ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్నుల శాఖకి) 843 ఫారంతో అడగాలి.

పీహెచ్‌డీ వాళ్లు ఇంకోటి గమనించాలి. 2021 ఆగస్టులో వచ్చినవాళ్లకి ఆ నాలుగు నెలలూ ఒక సంవత్సరం కిందే లెక్క. 2025తో ఐదు పూర్తి. 2026 నుంచి ఆ మినహాయింపు లేదు. అప్పుడు విద్యార్థులకుండే వేరే మినహాయింపు పనికొస్తుంది, కానీ దానికి క్లాసుల్లో రిజిస్టర్ అయి ఉండాలి. ఐదు వారాలకి మించిన సెలవుల్లో రిజిస్టర్ కాకుండా పనిచేస్తే 7.65 శాతం కోత పడుతుంది.

ఆదాయ పన్నులో మనకొక మంచి వెసులుబాటు ఉంది. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ ప్రకారం భారతీయ విద్యార్థులు నాన్ రెసిడెంట్లైనా స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను వేసే ముందు ఆదాయంలోంచి తీసేసే మొత్తం) తీసుకోవచ్చు. 2025కి అది 15,750 డాలర్లు. స్టైపెండ్ 18,000, సమ్మర్ 5,000 కలిపి ఏడాదికి 23,000 వచ్చిందనుకోండి. డిడక్షన్ తీసేస్తే 7,250 మీద పది శాతం, అంటే 725 డాలర్ల ఫెడరల్ పన్ను. డిడక్షన్ మరిచిపోతే 2,500 దాటుతుంది. 1040-ఎన్‌ఆర్ (నాన్ రెసిడెంట్ల పన్ను రిటర్న్) నింపేటప్పుడు ఈ ఒక్క గడి దగ్గర ఆగి చూడండి. నాన్ రెసిడెంట్ విద్యార్థులు ఇచ్చే 8843 ఫారం కూడా పంపాలి.

జీతం రాకపోతే

పేచెక్ తేదీ దాటిన మర్నాడే గ్రాడ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ చేయండి, లెటర్ కాపీ జత చేయండి. నేను చేసిన తప్పు ఆరు వారాలు ఆగడం. రోజూ ఏ పని ఎన్ని గంటలు చేశారో ఒక నోటుబుక్‌లో రాసుకుంటూ ఉండండి, స్టైపెండ్ పనికైనా సరే. వారానికి 20 అని రాసి 35 చేయిస్తున్నారని చెప్పడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదొక్కటే. అక్కడ తేలకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్, తర్వాత గ్రాడ్యుయేట్ స్కూల్, అంబుడ్స్ ఆఫీస్ (ఫిర్యాదులు వినే తటస్థ కార్యాలయం).

యూనియన్ ఉన్న క్యాంపస్‌లో ఇది చాలా తేలిక. విస్కాన్సిన్ మాడిసన్‌లో టీచింగ్ అసిస్టెంట్లు 1970లోనే ఒప్పందం సాధించారు. ప్రైవేట్ యూనివర్సిటీల్లో పనిచేసే విద్యార్థులు కూడా ఉద్యోగులేనని 2016లో కొలంబియా కేసులో జాతీయ లేబర్ బోర్డు తేల్చింది. 2022 నవంబర్‌లో కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లలో దాదాపు 48,000 మంది అకడమిక్ ఉద్యోగులు సమ్మె చేసి జీతాలు పెంచుకున్నారు. ఎఫ్-1 విద్యార్థులు యూనియన్‌లో చేరొచ్చు, అది వీసాకి అడ్డు కాదు. సమ్మర్ పనికి కాంట్రాక్టు వర్తిస్తుందా లేదా అన్నది ఒప్పందంలో ఏ పేజీలో ఉందో యూనియన్ స్టీవార్డ్‌ని (క్యాంపస్‌లో యూనియన్ ప్రతినిధిని) అడిగితే చూపిస్తారు. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలకు అలాంటి ఒప్పందాలు చట్టప్రకారం కుదరవు. అక్కడి వాళ్లకి చేతిలో ఉన్న లెటరే బలం, అందుకే సంతకం చేసే ముందు ఇంకో పది నిమిషాలు చదవండి.

ఇక ఈ వారం పని: లెటర్ తీసి ముగింపు తేదీ చూడండి, పేరోల్ క్యాలెండర్‌లో మే చివరి పేచెక్, ఫాల్ మొదటి పేచెక్ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి, ఆ రెండింటి మధ్య ఎన్ని అద్దెలు పడతాయో లెక్కేసి అడ్వైజర్‌కి మెయిల్ రాయండి.